ఆ గంట నా దగ్గరే ఉంది

బడి వరండాలో, ఊరు ఊరంతా చూస్తుండగా, ఒక తల్లి నన్నొక మాట అడిగింది. "ఇచ్చిందా బాబూ?" అని. అవునంటే సరిపోయేది. నేను లేదన్నాను. తర్వాత పెద్దవాణ్ణయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, ఎరువుల కొట్టు పెట్టుకున్నాను, అదే బడికి కమిటీ సభ్యుణ్ణి కూడా అయ్యాను. ఇన్నేళ్ళూ ఆ మాట మాత్రం సరిచేయలేదు. మా ఊళ్ళో ఆ సంగతి వస్తే, "పూసలోళ్ళ పిల్ల చేతబడి చేయబోయి దొరికిపోయింది" అనే చెప్పుకునేవారు. నా ఎదురుగానే చెప్పుకునేవారు. నేను విని ఊరుకునేవాణ్ణి. తల ఊపిన రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఒక పిన్నీసు.

ఈ ఎండాకాలం మొదట్లో మా వీధిలోకి ఒక మోపెడ్ వచ్చింది. వెనక స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ముందు చిన్న మైకు. "చిక్కు వెంట్రుకలకు సామాన్లు ఇస్తం అమ్మా" అని మైకు అదే పనిగా అరుస్తోంది. బండి నడిపేది ఎవరో కుర్రాడు. వెనక గిన్నెల మధ్య ఇరుక్కుని కూర్చున్న ఆడమనిషికి నా ఈడే ఉంటుంది. మా ఆవిడ గోడ గూట్లో దాచుకున్న వెంట్రుకల ఉండ తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ మనిషి ఉండని ముట్టుకోలేదు. ముందు ఒక పిన్నీసు తీసి, మా ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"ముందు ఇది పట్టు అమ్మా. గిన్నె సంగతి తర్వాత మాట్లాడుకుందం."

నేను వెంటనే లోపలికి వెళ్ళిపోయి కిటికీ పక్కన నిలబడ్డాను. ఈమె మామూలుగానే వచ్చిందా, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందా? ఆ కళ్ళు గేటు మీదున్నాయా, నా కిటికీ మీదున్నాయా? బండి మలుపు తిరిగి మైకు వినబడకుండా పోయేదాకా అక్కడే ఉన్నాను.

మా పెద్దవాళ్ళు కృష్ణా వైపు నుంచి వచ్చి, బూర్గంపాడు దాటాక అడవి అంచున భూములు కొనుక్కున్నవాళ్ళు. అంటే ఈ నేలకి మేమూ బయటివాళ్ళమే. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. నాకు గుర్తున్న ఆ కాలమంతా మిరప కళ్ళాల కాలం. ఊరి చుట్టూ ఎర్రగా కాయలు ఆరేవి. బస్సు దిగినవాడు దిగినట్టే తుమ్మేవాడు. ఆ ఘాటుకి తోడు అడవి వైపు నుంచి ఇప్పపువ్వు తియ్యటి వాసన వచ్చేది. రెండూ కలిస్తే నాకు ఎందుకో ఆకలేసేది. నానమ్మ చద్దన్నంలో పండుమిరప పచ్చడి కలిపి ముద్దలు పెట్టేది.

పూసలవాళ్ళు శ్రీరామనవమికి ముందు వాగు అవతల గుడారాలు వేసేవారు. భద్రాచలం తిరునాళ్ళలో పూసలు, దువ్వెనలు, సూదులు అమ్ముకుని వెళ్ళిపోయేవారు. మధ్యలో కొన్నేళ్ళు అసలు రాలేదు. ఉత్తరాదికి రైలెక్కి, అక్కణ్ణించి దేశం దాటి నేపాలు పోయారట. ఆ ఏడు తిరిగి వచ్చారు. పిల్లల బుగ్గలు చలికి పగిలి నల్లబడి ఉన్నాయి. నాకన్నా కాస్త పెద్దదైన ఒక పిల్ల, ఇంత ఎండలోనూ, మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని స్వెట్టరు తొడుక్కుని తిరిగేది.

సాయంత్రం మా అరుగు మీద అదే చర్చ.

"దేశం దాటి పోయినోళ్ళు ఊరికే తిరిగొస్తారా? అక్కడ ఏదో చేసే వచ్చుంటారు," అన్నాడు పెదనాన్న.

"ఆ స్వెట్టరు పిల్ల కళ్ళు చూశావురా? గుమ్మాలు లెక్కపెట్టుకుంటా పోతోంది," అంది నానమ్మ.

"పూసలు అమ్ముకునేవాళ్ళు గుమ్మాలు చూడక చూరులు చూస్తారా అత్తయ్యా," అని అమ్మ నవ్వింది.

"చూరులే చూస్తున్నారేమో! నీకేం తెలుసు? రాత్రి కోళ్ళు సరిగ్గా కప్పెట్టావా లేదా?"

ఇలా అందరూ కాపలా కాస్తున్న రోజుల్లో, మా బడి సారు వాగు దాటి స్వయంగా గుడారాలకు వెళ్ళి ఆ పిల్లల్ని బడికి తీసుకొచ్చాడు. ఆయనది పాల్వంచ. తండ్రి కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పనివాడు. సారు రోజూ బస్సులో వచ్చేవాడు. ఊరికి ఇప్పుడు ఆయన మీద కూడా అనుమానం వచ్చింది.

"వాళ్ళని తెస్తే నీకేంటయ్యా లాభం?" అని పెదనాన్న నిలదీశాడు.

"లాభమేంది పెద్దాయనా? నలుగురు పిల్లలు ఎక్కువైతరు, గంతే. మీ పొలంల గింజ మొలిస్తే మీకు లాభం గాదా?"

పెదనాన్నకి ఆ జవాబు మరీ అనుమానంగా తోచింది.

స్వెట్టరు పిల్ల నేపాలు వెళ్ళకముందు రెండో తరగతిలో ఉండేదట. అందుకని మళ్ళీ రెండులోనే కూర్చోబెట్టారు. అక్షరాలు చాలావరకు మర్చిపోయింది. చిన్నపిల్లల మధ్య ఆమె మోకాళ్ళు ఎత్తుగా కనిపించేవి. హిందీ వచ్చు, నేపాలీ వచ్చు, కోయ మాటలు కొన్ని వచ్చు. పలక మీద 'ఘ' రాయమంటే మాత్రం చెమటలు పట్టేవి. "మీకంటె పెద్దది. అక్కా అని పిలువుండ్రి" అన్నాడు సారు. రెండో తరగతి పిల్లలు అలాగే పిలిచారు. ఐదో తరగతి వాళ్ళం మేము "స్వెట్టరూ" అనేవాళ్ళం.

మేము వాళ్ళని ఎంత అనుమానించామో, వాళ్ళమ్మ మమ్మల్ని అంతకన్నా ఎక్కువ అనుమానించింది. పిల్లల వెంటే వచ్చి, బడి కిటికీ కింద కూర్చుని, పూసలు గుచ్చుకుంటూ లోపలి మాటలన్నీ వినేది. బడిలో పెట్టే గోధుమనూక ఉప్మా వండగానే ముందు ఆమె వచ్చి వాసన చూసేది, ఒక పిడికెడు నోట్లో వేసుకుని కాసేపు ఆగేది, ఆ తర్వాతే పిల్లల్ని తిననిచ్చేది.

"ఏం గలిపిండ్రు ఇండ్ల?"

"మందు గలిపిన. తింటే సదువొచ్చే మందు. నువ్వు గూడ ఇంత తినరాదు?" అనేది వంటామె.

ఆ పిల్లకి చదువు చెప్పే పని సారు నాకు అప్పగించాడు. మధ్యాహ్నం ఉప్మా తిన్నాక వరండాలో కూర్చునేవాళ్ళం. మొదటి రోజే ఆమె స్వెట్టరు జేబులోంచి ఒక నీలం పూస తీసి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ముందు ఇది పట్టు."

"నాకెందుకు?"

"ఊరికె తీసుకోవద్దు. ముందు ఇయ్యాలె, తర్వాత తీసుకోవాలె. ఇయ్యకుండ తీసుకుంటే దొంగతనం. మా అమ్మ సంపుతది."

"అక్షరాలు కూడా దొంగతనమేనా?"

"ఏదైనా."

నాకిది భలే నచ్చింది. గుణింతానికి ఒక పూస, ఒత్తులకి ఇంకో పూస వసూలు చేశాను. ఒకే పాఠాన్ని రెండు రోజులు సాగదీసి రెండు పూసలు తీసుకున్నాను. ఆమెకి తెలిసేది. ఓ చూపు చూసి, ఇచ్చేది.

ఆమె తొందరకి కారణముంది. నవమి లోపల మూడో వాచకం తడబడకుండా చదివితే ఐదులో కూర్చోబెడతానని సారు మాటిచ్చాడు. ఐదు గట్టెక్కితే బూర్గంపాడు హాస్టల్లో తనే చేర్పిస్తానన్నాడు. హాస్టల్లో చేరితే మళ్ళీ రైలెక్కి, మంచు కొండల్లో మూట మోస్తూ తిరగనక్కర్లేదు. కానీ తల్లి ఒప్పుకోవాలి. "సదువుకున్న పిల్ల మాకు పనికిరాదు. బ్యారం మర్చిపోతది" అనేదట ఆమె.

ఒకరోజు వాళ్ళ గుడారం దగ్గర ఆ గంట చూశాను. ఇత్తడి గంట, ఒక పక్క సొట్ట. గుంజకి వేలాడుతోంది. నేపాలులో కంచరగాడిదల మెడలో కడతారట.

"మబ్బు దిగితే గాడిదలు కనబడయి. గంట ఒక్కటే ఇనబడతది. నాకు ఒక ముసలామె ఇచ్చింది, దండ గుచ్చి ఇచ్చిన్నని," అంది. కర్రతో ఒక్కసారి తట్టింది. ఆ మోత వాగు దాటి వెళ్ళింది.

నాకు అది కావాలనిపించింది. ఇచ్చిన పూసలన్నీ తిరిగి ఇస్తానన్నాను.

"పూసలకు రాదు. పొడుగు వెంట్రుకలు కావాలె. గంత మంచి వెంట్రుక తెస్తే మా అమ్మ నమ్ముతది. బడికి పోయినా ఇది బ్యారం మర్చిపోలే అని."

పొడుగు వెంట్రుకలు మా ఇంట్లో ఉన్నాయి. పెదనాన్న కూతురు, మా అక్కకి మోకాళ్ళ దాకా జడ. ఆ నెలలో చలిజ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. నానమ్మ దాన్ని చుట్టి, పసుపు దారం కట్టి, చూరు పెంకుల కింద దాచింది. "జ్వరం మనిషి వెంట్రుక గడప దాటకూడదు. తలంటు పోసిన రోజు నేనే కాల్చేస్తాను. ఎవరూ ముట్టుకోకండి," అని అందరికీ చెప్పింది. నాకూ చెప్పింది.

మర్నాడు బడి వెనక నేను ఆ చుట్ట బయటికి తీశాను. ఆమె ముందు గంట నా చేతిలో పెట్టింది. వేళ్ళు మూసింది. ఆ తర్వాతే వెంట్రుకలు అందుకుని, ఎండకి ఎత్తి చూసింది. మొహం మారింది.

"గివి దువ్వితే వచ్చినవి కావు. రాలినవి. ఎవరికో పానం బాగలేదు. ఎవరియి?"

"మా ఇంట్లోవే. నానమ్మ ఇమ్మంది."

"నిజంగ మీ నాయనమ్మే ఇచ్చిందా?"

"అవ్," అన్నాను వాళ్ళ మాటలో.

ఆమె నమ్మలేదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ గంట అప్పటికే నా చేతిలో ఉంది. ఇచ్చింది తిరిగి తీసుకోవడం కూడా వాళ్ళలో లేదు.

నేను దారిలోనే చొక్కా చింపి, గుడ్డ పీలిక గంటలో కుక్కి, మోగకుండా చేసి, గడ్డివాములో దాచాను.

అక్కకి జ్వరం తిరగబెట్టింది. దుప్పట్ల కింద మంచం అదిరేట్టు వణికింది. నానమ్మ పెంకు ఎత్తి చూసింది. చుట్ట లేదు. ఆమె అరుపుకి వీధి వీధంతా వచ్చింది. ఎవరు తీశారని ఎవరూ ఇంట్లోవాళ్ళని అడగలేదు. నన్ను అడగాలని ఎవరికీ తోచనే లేదు. అందరూ వాగు వైపే చూశారు. పెదనాన్న ముందు, నానమ్మ వెనక, ఆ వెనక జనం. నేరుగా బడికే వచ్చారు.

ఉక్కకి ఆ పిల్ల స్వెట్టరు విప్పి కిటికీ ఊచకి తగిలించి ఉంది. పెదనాన్న దాన్ని లాగి విదిలించాడు. పూసలు రాలాయి, ఒక దువ్వెన రాలింది, ఆఖర్ని పసుపు దారంతో చుట్ట రాలింది.

"చూశావా పంతులూ! నా కూతురి మీద ప్రయోగం చేస్తోంది. నువ్వు తెచ్చిన పిల్ల!"

"ఆగుండ్రి పెద్దాయనా. అది చలిజ్వరం. ముందు పిల్లని భద్రాచలం దవాఖానాకు తీస్కపోండ్రి. జల్దీ," అన్నాడు సారు. ఎవరూ వినలేదు.

"నేను కొన్న. గంట ఇచ్చి కొన్న," అంది ఆ పిల్ల. వేలు నా వైపు చూపించింది. "గా పిలగానికి ఇచ్చిన."

అప్పటికే వాళ్ళమ్మ కిటికీ కింది నుంచి లేచి వరండాలోకి వచ్చింది. పెదనాన్న వైపు కన్నెత్తి చూడలేదు. చేతబడి అన్న మాట ఆమెకి అసలు వినబడిందో లేదో. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చేతులకి నూలు దారాల వాసన.

"ఇచ్చిందా బాబూ? మా పిల్ల నీ చేతిల ఏమన్న పెట్టిందా? పెట్టినంకనే తీసుకుందా? భయపడకు, చెప్పు."

నా భుజం మీద నానమ్మ చెయ్యి ఉంది. దొంగ ఎవరో తెలిస్తే ఆ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలుసు.

"లేదు," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళమ్మ లేచి, ఆ చుట్ట తీసి నానమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. దాని పక్కన కొత్త సూదుల పొట్లం పెట్టింది, కూతురి తప్పుకి బదులుగా. పిల్ల రెక్క పట్టుకుంది. "అమ్మా, గీ పిల్ల వాచకం సగం జదివింది, గిట్ల తీస్కపోకు" అని సారు వాగు దాకా వెంటపడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు. పొద్దు వాలేసరికి గుడారాలు లేవు. నవమి ఇంకా రాలేదు.

అక్కని మర్నాడు దవాఖానాకి తీసుకెళ్ళారు. రక్తం చూసి చలిజ్వరమే అన్నారు. చేదు మాత్రలతో తగ్గింది. "వాళ్ళు పోబట్టి తగ్గింది," అంది నానమ్మ. సారు నన్నొకసారి పక్కకి పిలిచి, "ఏమన్న ఉంటే చెప్పరా, నేను కొట్ట," అన్నాడు. ఏం లేదన్నాను. ఆయన నమ్మలేదు. ఆ ఏడు బడి మూసేదాకా రోజూ హాజరులో ఆ పిల్ల పేరు పిలిచాడు. పిలిచి, కాసేపు ఆగి, తర్వాతి పేరుకి వెళ్ళేవాడు.

పిన్నీసు చూసిన కొన్నాళ్ళకి, గంట జేబులో వేసుకుని బయల్దేరాను. వాళ్ళ టార్పాలిన్ గుడారాలు బూర్గంపాడు రోడ్డు పక్కనే ఉన్నాయి. ఆమె స్టీలు గిన్నెలు తుడుస్తోంది.

"ఏం సారూ? గిన్నెకి సొట్ట వచ్చిందా?"

"కాదమ్మా. నీతో ఒక మాట..."

"ఓట్లున్నయా ఏంది?"

నేను గంట తీసి ముందు పెట్టాను. పీలిక ఇంకా అందులోనే ఉంది, నల్లగా మాగిపోయి. ఆమె చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత పీలిక లాగి పారేసి, ఒక్కసారి ఊపింది. అదే మోత.

"ఇప్పుడెందుకు తెచ్చినవ్? ఎవరన్న అడిగిండ్రా? ఏమన్న కేసా?"

"లేదు. నేనే వచ్చాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"గది నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా ఇచ్చిన్నో లేదో?" నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు. "మా అమ్మకు తెల్వదు. సచ్చేదాకా నా చేతికి బ్యారం మూట ఇయ్యలే. నా చెల్లె మోసింది మూట, నేను ఎనక నడిసిన. మీ ఊరోళ్ళు చేతబడి అన్నందుకు కాదు సారూ. గసుంటియి మాకు అలవాటే. ఇయ్యకుండ తీసుకుందని. ఇప్పుడు నా మనమరాలు గూడ ఎక్కిరిస్తది, దొంగ అమ్మమ్మ అని."

చదువు గురించి అడిగాను.

"బస్సు బోర్డులు చదువుత. పూసలిచ్చి నేర్చుకున్న గద, ఎట్ల మర్చిపోత? ఒకటే పాఠానికి రెండు పూసలు గుంజినవ్, అది గూడ యాదికుంది."

గంట తీసుకోమన్నాను. నా చేతిలోకే తిరిగి పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇచ్చింది ఇచ్చిందే. నాకు ఏమన్న ఇయ్యాలని ఉంటే, తెల్వనోళ్ళకు చెప్పు. బిడ్డ అల్లుడు నేపాలుల ఉండిపోయిండ్రు. మనమరాల్ని మీ బడిల ఏస్త. గక్కడ చెప్పు."

బడి తెరిచిన రోజు కమిటీ, తల్లిదండ్రులు అందరూ వరండాలో కూర్చున్నాం. ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాకుండా. పిల్ల బుగ్గలు పగిలి ఉన్నాయి. ఒక కుర్ర తండ్రి లేచాడు. "గీ పిల్లని మా పిల్లల పక్కన కూసోబెడ్తరా? వీళ్ళ సంగతి ఊరందరికి ఎరుకే. చేతబడి చేస్తూ దొరికిండ్రు ఇదే బడిల," అన్నాడు. కొందరు తలలు ఊపారు. పెదనాన్న కొడుకు నా వైపు చూశాడు, నేనూ ఊపుతానని.

నేను లేచాను. గంట తీసి అందరికీ కనబడేట్టు పట్టుకున్నాను. ఆమె గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. నేను ఏం మాట మారుస్తానోనని అప్పటికీ అనుమానమే ఆ చూపులో.

"ఆ రోజు చేతబడీ లేదు, దొంగతనమూ లేదు. మా అక్క వెంట్రుకలు చూరులోంచి దొంగిలించింది నేను. ఈమె ముందు ఈ గంట నా చేతిలో పెట్టింది, పెట్టాకే తీసుకుంది. వాళ్ళమ్మ ఇక్కడే, ఈ వరండాలోనే, నన్ను అడిగింది. నేను లేదన్నాను. అబద్ధం చెప్పాను."

తర్వాత ఆ చిన్నపిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"మీ అమ్మమ్మ ఇచ్చిందమ్మా. ఇచ్చే తీసుకుంది."

తలెత్తి, ఆ బడిలో సారు చెప్పినా నేను ఏనాడూ పిలవని పిలుపు పిలిచాను.

"తప్పు నాది. క్షమించు, అక్కా."